చేపలు లేని తొట్టికి మేత

నగరిలో మగ్గాల మధ్య ఉన్నవాళ్ళకు దగ్గు తగ్గిందా? తిరుపతిలోని అక్కచెల్లెళ్ళ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? పలమనేరు చలికి అక్కడి పెద్దవాళ్ళు చెవులకు గుడ్డ కట్టుకుంటున్నారా? చిత్తూరులో చక్కెర జబ్బున్నవాళ్ళు మాత్రలు మరవకుండా వేసుకుంటున్నారా? ఊరూరా ఉన్న మనవాళ్ళను ఒక్కొక్కరినీ అడగకుండా ఉండలేకపోతున్నాను. ఏ జబ్బూ లేని మా మరిది పోయాడు.

పొద్దున నాతో మాట్లాడాడు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని పక్కకు ఒరిగాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మాది గోడ ఆవలి ఇల్లు. ఇప్పటికీ అటువైపు ఏదైనా చప్పుడైతే ఆయనే అనుకుని పిలవబోతాను.

ఆ పొద్దున ఆయన చేతిలో చిన్న గాజు గొట్టం ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఇంకా రవంత ఆకుపచ్చ ఉండాది వదినా. పసుపుకొస్తే నీళ్ళు తయారైనట్టే."

ఆ నీళ్ళ సంగతి చెప్పాలి. చెన్నైలో ఒక దుకాణంలో నారింజ రంగు సముద్రపు చేపల్ని చూసి మా చెల్లెలు, అంటే ఆయన భార్య, ముచ్చటపడింది. ఆయన గాజుతొట్టి కొని, నీళ్ళలో ఉప్పు కలిపి, ఆ రోజే రెండు చేపల్ని వదిలాడు. వారం తిరక్కుండా రెండూ తేలిపోయాయి. చెల్లెలు అన్నం మానేసింది. చేపలు విడిచిన మురికి నుంచి అమోనియా అనే విషం పుడుతుందనీ, కొత్త నీళ్ళలో దాన్ని హరించేవి ఏవీ ఉండవనీ ఆయనకు తర్వాత తెలిసింది. పశువుల కొట్టంలో కళ్ళు మండించే వాసన ఉంటుందే, అదేనట.

రెండోసారి ఆయన తొందరపడలేదు. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేసేవాడు. అది కుళ్ళి విషం పుట్టాలి, ఆ విషాన్ని తినే క్రిములు పెరగాలి, అప్పుడే చేపలు. నాకు ఒకటే దిగులు, ఈ మనిషికి ఏమైందోనని.

"పెళ్ళాం నోటికి ముద్ద పెట్టేవోళ్ళను సూసినా గానీ, వట్టినీళ్ళకు పెట్టేవోణ్ణి నిన్నే సూస్తా ఉండాను" అన్నాను.

"చేపలు సుట్టాలు వదినా. ఇల్లు సర్దేవోళ్ళు ముందు రావాల. కనపడనోళ్ళకు పెట్టినాకనే కనపడేవోళ్ళకు" అని నవ్వాడు.

ఏ పనైనా ఆయనది అంతే. మగ్గానికి రంగు అద్దిన నూలు ఆరకముందు ముట్టనిచ్చేవాడు కాదు. నేను గాభరాపడితే, "కానీలే, దాని టైం దానికుంటాది" అనేవాడు.

ఆయన్ని తీసుకుపోయాక ఆడవాళ్ళం ఇల్లు కడుగుతున్నాం. చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదు. బిందెలు, బకెట్లు అన్నీ వాకిట్లో పారబోశాం. వరసకు అత్త అయిన పెద్దావిడ ఒకామె చెంబు పట్టుకుని గాజుతొట్టి దగ్గరికి వచ్చింది.

"అత్తా, దాన్ని ముట్టుకోవద్దు."

"చేపలు లేవు గదే, వట్టినీళ్ళేగా?"

"దాంట్లో ప్రాణాలుండాయి."

"యాడ? నాకేం కనపడలే."

"నాకూ కనపడవు. మరిది చెప్పినాడు."

"సచ్చినోడి మాట పట్టుకోని సావు నీళ్ళు ఇంట్లో పెట్టుకుంటారటే? ఊరంతా ఏమనుకుంటాది?"

మూలన కూర్చున్న చెల్లెలు తలెత్తింది. "అత్తా, ఆయన సేతులు పెట్టిన నీళ్ళు ఈ ఇంట్లో అవొక్కటే మిగిలినాయి" అంది.

అత్త కొంగు దోపుకుని తొట్టి మీదికి వంగింది. తర్వాత ఒక్క చెంబు ముంచి, వాకిట్లో పోసి వచ్చింది. "శాస్త్రానికి ఇది సాలు. ఆ గాలి కొట్టే మోటారు మాత్రం ఆపబాకండి, ఆ కనపడనోళ్ళకు ఊపిరాడదేమో" అంది. ఏడుస్తున్న చెల్లెలి మొహంలో నవ్వు వచ్చి పోయింది.

మర్నాటి నుంచి చిటికెడు మేత నేనే వేస్తున్నాను. ఎక్కువైందేమో, తక్కువైందేమో అని రోజంతా భయమే. నీళ్ళలో విషం ఉందో లేదో రంగుతో చెప్పే మందు చుక్కల్ని గొట్టంలో చెల్లెలు వేస్తుంది. మొన్న ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి చూశాం.

"ఇది పసుపేనా అక్కా? నా కండ్లకు నీళ్ళడ్డం పడతా ఉండాయి."

"పసుపే. పెండ్లి చీర నూలుకు అద్దే పసుపు."

క్రిములు విడిచే ఇంకో విషం కోసం వేసే రెండో మందు రంగు కూడా మందు డబ్బా మీద చూపినట్టే వచ్చింది. నీళ్ళు తయారయ్యాయి. చూపించడానికి ఆయన లేడు.

చేపలు తేవాలంటే చెన్నై పోవాలి. ఇప్పుడు గడప దాటవచ్చునా అని చెల్లెలి సందేహం. వెళ్ళి అత్తనే అడిగాను. ఆమె వక్క నములుతూ ఆలోచించింది.

"మాసికం కానియ్యండి. ఆ పైన వచ్చే ఆదివారం, పొద్దున రైలుకు పోదాం. నేనూ వస్తా."