తాడు పట్టినవాడి ఊపిరి

సముద్రం అవతల, బతుకుతెరువుకు వలస పోయిన రంగం రేవులో దండాసి పేరు తెలియని తెలుగువాడు లేడు. పజుండౌంగ్ కాలువ నదిలో కలిసే చోట ఏ పడవ లంగరు తెగినా, ఏ గొలుసు మునిగినా మేస్త్రి ధర్మారావు మొదట కేకేసేది అతన్నే. భీమిలి సముద్రంలో ఈత నేర్చిన మనిషి. నడుముకు తాడు బిగించి, బరువుకు ఓ రాయి కట్టుకుని బుడుంగున మునిగేవాడు. ఆ బురదనీళ్లలో కళ్లెందుకు? చేతులతో తడుముకోవడమే.

తాడు రెండో కొస జెట్టీ మీద బుల్లియ్య చేతిలో ఉండేది. దండాసి పెళ్లాం చిలకమ్మకు వాడు తమ్ముడు. ఆ నది తాడును ఎప్పుడూ గుంజుతూనే ఉంటుంది. కుదిపింది లోపలివాడో నీళ్లో తెలియదు. అందుకని మునిగేవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనిషి మునగగానే తాడు పట్టినవాడూ ఊపిరి బిగబట్టాలి. తనకు ఆగనప్పుడు లాగెయ్యాలి. మునిగేవాడి ఊపిరి పెద్దది, తాడువాడిది చిన్నది, కాబట్టి ప్రాణానికి భయం లేదు. ఆ కాసేపూ తాడువాణ్ని ఎవరూ పలకరించకూడదు.

ఆ దిక్కుమాలిన చమురు రాకపోతే అంతా బాగానే ఉండేది. నదిలో చమురు మోసే పడవలు ఎక్కువయ్యాయి. కారిందంతా నీళ్లలోకే. పోటు వచ్చినప్పుడల్లా జెట్టీ కింద నల్లగా పేరుకునేది. దొరలు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పోయేవారు. నీళ్లలోంచి తేలి, నోరు తెరిచి మొదటి గుక్క పీల్చేవాడికి ఏం రుమాలు? ఆ జిడ్డూ ఆ ఘాటూ గుక్కతో పాటే లోపలికి పోయేవి.

ముందు దండాసికి ఒళ్లంతా దద్దుర్లు. తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి. శనగపిండితో వీపు తోమీ తోమీ చిలకమ్మకు చేతులు పడిపోయేవి, జిడ్డు మాత్రం వదిలేది కాదు. రెండేళ్లకు దగ్గు పట్టుకుంది. ఒకనాడు పొద్దున్నే అతను ఉమ్మితే నల్లగా పడింది.

"మావా, ఓపాలి ఊపిరి బిగబట్టు," అంది బియ్యం కడుగుతూ. ఒకప్పుడు ఆమె మూడుసార్లు కడిగి నీళ్లు వంపేదాకా నవ్వుతూ ఆగేవాడు. ఇప్పుడు మొదటి నీళ్లు పారబోయకముందే దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తమ్ముడి ఊపిరి దీనికి రెట్టింపు ఉంటుంది. వాడు తనకు ఆగనప్పుడే కదా లాగేది!

"ఒలమ్మో! బుల్లిగాడికి సెప్పు మావా. ఇంక మునగొద్దు."

"ఏటి సెప్పేది? దండాసికి ఊపిరి నేదని రేవంతా నవ్వాలా? నువ్వు నోరెత్తినావంటే నా మీదొట్టే!"

చూశారా మగవాడి బడాయి! ప్రాణం పోతున్నా పేరు పోకూడదు. చెబితే ఒట్టు చంపుతుంది, చెప్పకపోతే నీళ్లు చంపుతాయి. నాలుగు రోజులు రేవులో మునిగే పని పడలేదు, అయినా ఆమె ముద్ద మింగలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం గంజి పట్టుకుని జెట్టీకి వెళ్లింది. తాడు అప్పటికే నీళ్లలో ఉంది. బుల్లియ్య బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"లాగరా!" అని అరిచింది.

వాడు ఒక కన్ను తెరిచి, పలకరించొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆడమనిషి కంగారు అనుకున్నాడు కాబోలు.

"లాగరా, నీ కాళ్లు మొక్కుతాను!"

వాడు మొండిగా తల అడ్డంగా తిప్పాడు. మావకు ఊపిరి లేదని చెప్పడానికి నోరు తెరిచింది. ఒట్టు గొంతులో అడ్డం పడింది. ఇక ఆగలేదు. గంజి కుండ విసిరేసి, పిడికిలి బిగించి, తమ్ముడి పొట్టలో ఒక్క గుద్దు గుద్దింది. వాడి ఊపిరి భుస్సున పోయింది. ఊపిరి పోగానే చేతులు అలవాటుగా తాడు లాగేశాయి.

దండాసి వేలాడుతూ పైకొచ్చాడు. తలనుంచి కాళ్లదాకా నలుపు. బోర్లా వేసి వీపు మీద గుద్దితే నోట్లోంచి నూనె నీళ్లు కారాయి. చాలాసేపటికి గురక లాంటి ఊపిరి ఒకటి వచ్చింది.

బుల్లియ్య తాడు వదిలేసి కూలబడ్డాడు. "నానింకా శానాసేపు ఆగేవోణ్ని అప్పా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దండాసి బతికాడు కానీ మళ్లీ మునగలేదు. రేవుకు మునిగేవాడు కావాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. బుల్లియ్య నడుముకు తాడు కట్టుకున్నాడు. ఒడ్డున తాడు దండాసి పట్టాడు. అతనికి ఊపిరి ఎక్కడిది? ఇలా మునగగానే అలా లాగేసేవాడు. "నాను ఇంకా అడుక్కే ఎల్నేదు బావా!" అని బుల్లియ్య నవ్వేవాడు. ఇంతకంటే భద్రమైన తాడు రంగంలో లేదని చిలకమ్మ కొంత కుదుటపడింది. కాని నీళ్లు మాత్రం అవే నీళ్లు కదా!

మరుసటి వానల్లో ఒక పొద్దున ఇంటి వెనక ఎవరో దగ్గుతున్న చప్పుడైంది. వెళ్లి చూసింది. బుల్లియ్య గోడ పట్టుకుని వంగి ఉన్నాడు. కాళ్ల దగ్గర మట్టి మీద నల్లటి మరక.

"బావకి సెప్పకప్పా," అన్నాడు వాడు రొప్పుతూ. "నా మీద..."

"వొద్దురా! అనకు!" ఉరికి వాడి నోరు మూసింది. ఆమె అరచేతిలోనే వాడు మిగతా మాట అనేశాడు.

లోపల దండాసి దగ్గు మొదలైంది. ఎవరి వైపు పరిగెత్తాలో తెలియక చిలకమ్మ ఆ గోడ పక్కనే కూలబడిపోయింది.