అనన్య పరవానా

మా అత్తమ్మకు పొగడ్తలంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని దాచుకోదు కూడా. పాట బాగుందని ఎవరైనా అంటే, వినబడనట్టు నటించి ఇంకోసారి చెప్పించుకుంటుంది. అలాంటి మనిషికి నాందేడ్‌లో పాటలు రికార్డు చేసే ఒక కంపెనీ మరాఠీలో ఒప్పందం పంపింది. అందులో ‘అనన్య పరవానా’ అనే మాట కనబడింది. ఇంకేముంది!

“చూసినవా పిల్లా, నా పాటను అనన్యమన్నరు. గిసువంటి పాట ఇంకోటి లేదని రాసిన్రు” అంది.

నాందేడ్ జిల్లా మర్ఖేల్ బడిలో మరాఠీ చదువుకుంది, ఇంట్లో తెలుగు మాట్లాడింది. మరాఠీ అక్షరాలు చదివి తెలుగు అర్థం చెప్పుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ పూట పాలాయనకు, పక్కింటావిడకు, చివరికి కూరగాయల బండివాడికి కూడా తన పాట అనన్యమని చెప్పింది.

అది ఆమె సొంతంగా కట్టిన అప్పగింతల పాట. మా ఆడబిడ్డను మరాఠీ వాళ్లింటికి ఇచ్చినప్పుడు కట్టింది. “నీళ్లను పాణీ అంటరు బిడ్డా, దూపైతే మాత్రం దూపనే అను” అని మొదలవుతుంది. దాహాన్ని మా వైపు దూప అంటాం. ధర్మాబాద్ నుంచి ముద్ఖేడ్ దాకా మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో ఆ పాట అయ్యేదాకా పెళ్లికూతురు కారెక్కదు. నేను ఊరికే కరిగే మనిషిని కాను. ఆ మొదటి ముక్కకు మాత్రం ప్రతిసారీ నా కళ్లు తడుస్తాయి.

రికార్డింగుకు తొందర ఎందుకంటే అత్తమ్మ మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదని, తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. ఆ లోపల పాట రికార్డు కావాలని ఇంట్లో అందరి ఆరాటం.

సంతకానికి ముందు ఒకసారి చూపిద్దామని కోర్టు దగ్గర ఉండే వకీలమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ధర్మాబాద్ ఆడపడుచు, మన భాషే. అత్తమ్మ ఆ మాట మీద వేలు పెట్టి గర్వంగా చూపించింది. వకీలమ్మ నవ్వు ఆపుకుంది.

“అవ్వా, గిది పొగడ్త గాదు. పరవానా అంటే లైసెన్సు. పాట నీదే ఉంటది, వాడుకునే హక్కు వాళ్లకిస్తవు. నీ చేన్ల బాయి ఉన్నదనుకో. పక్క రైతును నీళ్లు తోడుకొమ్మన్నవు. నువ్వు తోడుకుంటవు, ఇంకొకరికి గూడ ఇస్తవు. గది మామూలు పరవానా. అనన్య పరవానా అంటే ఆయనొక్కడే తోడుకోవాలె. బాయి నీదే గని నువ్వు గూడ చేద వెయ్యద్దు.”

“నేను తవ్విన బాయిల నేను వెయ్యద్దా?”

“వెయ్యద్దు. ఎక్కడ పాడినా అని గూడ రాసిన్రు. అంటే పెండ్లిళ్లల్ల నువ్వు పాడద్దు, నీ దగ్గర నేర్చుకున్నోళ్లు గూడ పాడద్దు.”

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. అనన్యం పోయినందుకేనేమో అని నాకు నవ్వొచ్చింది. కాదని, ఆ మాట తీసేయమని అడగడానికి వెళ్లినప్పుడు కంపెనీ ఆఫీసులో తెలిసింది. అక్కడి మనిషి మర్యాదస్తుడే. చాయ్ తెప్పించి, “ఆజీ, కోణ్ విచార్ణార్?” అన్నాడు. అవ్వా, ఎవరొచ్చి అడుగుతారు, హాయిగా పాడుకో అని. అడగనప్పుడు రాయడమెందుకు, రాసిన మాటను నాతో తప్పించడమెందుకు అని అత్తమ్మ అతని మరాఠీలోనే అడిగింది. ఆ మాట మార్చడానికి మా సేఠ్ ఒప్పుకోడన్నాడు. అత్తమ్మ చాయ్ పూర్తిగా తాగి, కప్పు పక్కన పెట్టి, లేచింది.

ఆటోలో నేను విరుచుకుపడ్డాను. నా నోరు అసలే మంచిది కాదు.

“ఆపరేషన్ ముంగట పెట్టుకొని గీ పంతమేంది అత్తమ్మా? రేపు గొంతు పోతే ఏం జేస్తవు?”

“నా గొంతు పోతే నా ఒక్కదాన్దే పోతది పిల్లా. పాట పోతే అందరిది పోతది” అంది.

కోడలు అత్తను మెచ్చుకోవడం మా వైపు అంత మామూలు సంగతి కాదు. కానీ ఆ రోజు ఆటోలో ఆమె పక్కన కూర్చున్నందుకే నాకు గొప్పగా అనిపించింది. పొగడ్త కోసం పడిచచ్చే మనిషి, తన గొంతు రికార్డులో నిలిచిపోయే అవకాశాన్ని పరాయి ఆడవాళ్ల నోటి కోసం వదులుకుని వచ్చింది.

తర్వాత ఆ కంపెనీ మనిషే ఫోన్ చేశాడు. సేఠ్ ఆ మాట తీసేయించాడట. కాకపోతే ఈ పాటకు ప్రచారం గట్రా పెద్దగా ఉండదట. ఉండకపోతే పాయె అంది అత్తమ్మ. వకీలమ్మ చదివి సరే అన్నాక సంతకం చేసి, కళ్లు మూసుకుని పాడి వచ్చింది.

డాక్టరు భయపడినట్టే అయింది. ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయింది. మాట వస్తుంది, పాట రాదు.

మొన్న ముద్ఖేడ్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. అప్పగింతల వేళకు సౌండు పెట్టెలాయన అత్తమ్మ రికార్డు పెట్టాడు. పందిరంతా ఆమె పాత గొంతు. తేటగా, ఎక్కడా వణుకు లేకుండా. నా దుఃఖం ఆగలేదు. అత్తమ్మ మాత్రం చెయ్యెత్తి అతన్ని పిలిచింది.

“బంద్ చెయ్యి నాయినా. గింతమంది ఉన్నరు, పాడనియ్యి.”

పాట ఆగింది. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెళ్లికూతురి తల్లి ఎత్తుకుంది. శ్రుతి లేదు, సగం మాటలు ఏడుపులో కలిసిపోయాయి. మిగతావాళ్లు అందుకున్నారు. అత్తమ్మ చప్పట్లతో వాళ్లను నడిపిస్తూ నా వైపు తిరిగింది. ఇన్నేళ్లలో నేను ఏ పెళ్లిలోనూ నోరు విప్పలేదు.

“నాకు రాదు గదా అత్తమ్మా” అన్నాను.

“రాకపోతేంది, పాడు. నీకు గూడ హక్కున్నది” అంది ఆ బొంగురు గొంతుతోనే.

పాడాను.