ఉనైసి తన పేరే రాయించింది

వైనిసావు ఊళ్లో రోగాలూ నొప్పులూ చూసే ఉనైసికి ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆరోగ్య శాఖవాళ్లు మూడు వారాలు పాఠాలు చెప్పి, ఒక రేకుపెట్టె చేతికిచ్చి పంపేశారు. అందులో జ్వరం బిళ్లలు, ఉప్పు పంచదార పొట్లాలు, కట్టుగుడ్డలు. పదిహేడేళ్లుగా అదే పెట్టెతో ఆమె పడవల్లో కాన్పులకు తోడు వెళ్లింది, గాలివాన రోజుల్లో పిల్లల్ని బతికించింది. రాజధాని సువా నుంచి ఏడాదికోసారి దిగే పెద్దమనుషులు ఆమె పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, బొండాం నీళ్లు తాగి వెళ్లిపోతారు. ఆమెకు వాళ్ల మీద కోపం లేదు. ఆ కోపమేదో చూసేవాళ్లకు రావాలి.

ఆ మంగళవారం పొద్దున ఉనైసి వంటింట్లో కొబ్బరి కోరుతోంది. సువాలో టీచరు చదువు చదువుతూ సెలవులకు వచ్చిన తమ్ముడి కూతురు లైసాని వచ్చి వెనకగా కూర్చుంది. ఆ చదువుకు ఊరు దాటిన మొదటి ఆడపిల్ల ఆమె.

"అత్తా, నాకు నెల తప్పింది."

ఉనైసి చెయ్యి ఆగలేదు. ఎవరని అడగలేదు, ఎన్నాళ్లని అడిగింది. పదకొండు రోజులంది లైసాని. తర్వాత మిగతాదంతా కొబ్బరి చిప్ప మోతలో చిన్నగా చెప్పుకొచ్చింది. ఒకరోజు తొడుగు చిరిగింది. మర్నాడు మందుల షాపులో కడుపు రాకుండా వేసుకునే మాత్ర కొంది. కానీ హాస్టలు గదిలో వేసుకుంటే పక్క మంచం పిల్ల చూస్తుందేమోనని సంచిలోనే ఉంచి, ఇంటికి వచ్చే ఓడ ఎక్కబోతూ రేవులో మింగింది. ఓడ లోసముద్రంలో పడ్డాక కడుపులో ఉన్నదంతా వాంతయింది. అప్పటికి ఎన్ని గంటలైందో ఆమెకు తెలియదు.

"మూడు గంటల్లోపు కక్కేస్తే మళ్లీ వేసుకోవాలే పిల్లా."

"ఓడలో ఎవర్ని అడగను? నా పక్కన కూర్చుంది పాస్టరు గారి భార్య."

ఉనైసికి నవ్వొచ్చింది. నవ్వేసి వేళ్ల మీద లెక్క పెట్టింది. ఆ మాత్ర ఒక్కోసారి నెలసరిని వారం ముందుకో వెనక్కో నెడుతుంది, ఆలస్యమైనంత మాత్రాన కడుపు అనుకోనక్కర్లేదు. కానీ ఈ పిల్లకు వాంతయింది, ఆలస్యం వారం కూడా దాటింది. ఊహలు పనికిరావు, పరీక్ష చెయ్యాలి. తొడుగు చిరిగి మూడు వారాలు దాటాయి కాబట్టి ఇప్పుడు చేస్తే పరీక్ష అబద్ధం చెప్పదు. ఆ పాఠాలు చెప్పినప్పుడు గబగబా రాసుకోవడం రాక, ఆమె ప్రతి మాటా కంఠస్థం చేసింది. రాసుకున్నవాళ్లు మరిచిపోయారు.

చిక్కు అక్కడ కాదు. పరీక్ష కిట్లు పక్క ఊరి నర్సు దగ్గరే ఉంటాయి. నర్సు సెమీసి, లైసానికి పెదనాన్న కొడుకు, అంటే అన్నే. అన్నాచెల్లెళ్లు దూరం పాటించాలన్న అక్కడి ఆచారం కొద్దీ, పదేళ్లు దాటాక వాళ్లిద్దరూ ముఖాముఖి మాట్లాడుకుంది లేదు. అతను ముందు గుమ్మంలో అడుగు పెడితే ఆమె పక్క గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. అలాంటి అన్న చెవిన చెల్లెలి ఇలాంటి మాట పడితే, ఇక పెళ్లికైనా చావుకైనా ఆ ఇద్దరూ ఒకచోటికి రాలేరు. పైగా పేరు, వయసు, ఊరు పుస్తకంలో రాయనిదే కిట్టు ఇవ్వకూడదని పైవాళ్ల నిబంధన. పైవాళ్లకు అన్నలూ చెల్లెళ్లూ ఉండరు కాబోలు.

"సెమీసికి తెలిస్తే నాకు చదువూ వద్దు, ఊరూ వద్దు," అంది లైసాని. "ఓడలోంచి దూకేస్తా."

"దూకుదువుగాని. ముందు ఈ కొబ్బరి పిండు," అని ఉనైసి లేచి నడుము చుట్టూ సులు గుడ్డ బిగించి కట్టుకుంది.

సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఒడ్డమ్మట గంట నడక. దారంతా ఊళ్లో ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ తలచుకుంది. ఒకరికి మొగుడు, ఒకరికి అత్త, అందరికీ ఆదివారం చర్చిలో కూర్చోవలసిన బల్ల. ఎవరి పేరు చెప్పినా కొంప మునుగుతుంది. ఇంకొకరి పేరు ఇవ్వడానికి ఆమెకు హక్కూ లేదు.

నర్సు గది బయట బల్ల మీద నలుగురు ఆడవాళ్లున్నారు. అందులో మకెరెతా, వరసకు వదిన. మనవడి చెవిపోటుకు వచ్చింది. తలుపు తెరిచే ఉంది.

కిట్టు ఎవరికత్తా అని సెమీసి కలం తీశాడు.

"నాకే. రాయి."

కలం ఆగింది. ఉనైసికి యాభై మూడేళ్లు. భర్త పోయి ఆరేళ్లు. సెమీసి ఆమెను ఒక్క క్షణం చూశాడు, తర్వాత పుస్తకం వైపు తిరిగి, పేరు, యాభై మూడు, వైనిసావు అని పొందిగ్గా రాశాడు. కాగితం సంచిలో ఒకటి కాదు, రెండు కిట్లు పెట్టాడు.

"మొదటిది సందేహంగా ఉంటే, వారం ఆగి రెండోది చూడమను," అని ఆగి, తలెత్తకుండానే దిద్దుకున్నాడు. "చూసుకో అత్తా."

అతనికి తెలిసింది. తెలియనట్టు ఉండటం అతని వంతు, అది అతను చక్కగా చేశాడు.

ఆమె కాళ్లకంటే మకెరెతా నోరు ముందుగా ఊరు చేరింది. సాయంత్రం మొగలి చాపలు అల్లే చోట ఆడవాళ్లు ఉనైసికి దిండు వేశారు, పుల్లటివి తెచ్చిపెట్టారు, తండ్రి ఎవరో చెప్తే చందా వేసి పెళ్లి చేస్తామన్నారు. మకెరెతా అయితే ఆ అదృష్టవంతుడికి చూపు ఆనదేమోనంది. ఉనైసి ఆకు చీలుస్తూ, చూపు బాగానే ఆనుతుంది, అందుకే నీ గుమ్మం దాటి నా గుమ్మానికి వచ్చాడని బదులిచ్చింది.

పరీక్షలో ఒక్క గీతే వచ్చింది. కడుపు లేదు. లైసాని ఏడ్చింది, కానీ భయం పూర్తిగా వదల్లేదు. శుక్రవారం పొద్దున నెలసరి వచ్చాక గాని అన్నం సయించలేదు. ఇక మీదట ఏం వాడాలో, సువాలో ఎక్కడ అడగాలో ఉనైసి ఆమె చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

శనివారం ఒడ్డున పడవ ఎక్కించేటప్పుడు ఆడవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. అత్త కాన్పుకు సెలవు పెట్టి రావాలి సుమా అని లైసానితో అన్నారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. చేతిలో సంచి కింద పెట్టేసి, "అది మా అత్త కాదు..." అంటూ ముందుకు అడుగేసింది.

ఉనైసి సంచి తీసి ఆమె గుండెకు నొక్కింది. "పడవ ఎక్కు. అందరికీ వినపడేలా చెప్తున్నా, నా కడుపు సంగతి నేను చూసుకుంటా. నువ్వు చదువు సంగతి చూసుకో."

లైసాని వంగి, వాళ్ల ముద్దు తీరున, అత్త బుగ్గకు ముక్కు ఆనించి చాలాసేపు వాసన పీల్చి, ఎక్కింది. పడవ అలలు దాటేదాకా ఉనైసి నీళ్లలో మోకాళ్ల లోతున నిలబడింది. ఊరు నవ్వుతోంది. ఆమె నిటారుగానే ఉంది.

తిరుగుదారిలో మకెరెతా వెనకపడి, మిగతావాళ్లు ముందుకు పోయాక పక్కకు చేరింది. కాసేపు ఇసుక వైపు చూస్తూ నడిచింది.

"వదినా, మా చిన్నదానికి పన్నెండు రోజులు దాటింది."

ఉనైసికి నాలుగు రోజుల ఎగతాళి బాకీ ఉంది. ఒక్కటీ తీర్చుకోలేదు. నడక మాత్రం నెమ్మది చేసింది.

"మాత్రేమన్నా వేసుకుందా? ఏ రోజు?"