తెర మీద అక్క భుజం

మా ఆసుపత్రిలో ఆవిడని భుజాలక్క అంటాం. భుజం కీలు మార్చే ముందు, కొత్త కీలు ఎక్కడ కూర్చోవాలో స్కాన్ చూసి కంప్యూటర్లో గీసిపెడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో తన భుజానికే స్కాన్ తీయించుకుంది. పేషెంట్ల ఫైళ్లలో కలిసిపోతుంది, ఆ ఫైలు తీసెయ్యమని నెత్తీనోరూ బాదుకున్నాను, వింటేనా!

మొన్న ఆపరేషన్లో, తెరమీది బొమ్మతో పోల్చడానికి డాక్టరుగారు పేషెంటు ఎముకని సన్నటి కడ్డీతో తాకారు. నా పక్కన నిలబడ్డ అక్క ఉలిక్కిపడి తన భుజం పట్టుకుంది.

"చల్లగా తగిలిందే!"

తెర మీద పేరు చూశాను. అక్కదే.

"ఆపండి సార్, తప్పు ఫైలు!" అని అరిచాను.

"తప్పేంటమ్మా? వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది," అంటూ ఆయన డ్రిల్లు అందుకున్నారు.

అక్క ఒకడుగు వెనక్కి వేసింది.

"సార్, నాకు మత్తివ్వలేదు."