మొఘల్‌పురా మీదుగా ట్రిపోలీకి

విదేశాలకు పోయేవారు బొంబాయి నుంచి బయలుదేరుతారని లోకమంతా అనుకుంటుంది. మా బామ్మర్ది యాదగిరి విదేశయాత్ర మాత్రం జడ్చర్ల స్టేషన్లో, ఉదయం ఆరున్నర ప్యాసింజరుతో మొదలైంది. అది ఏడుంబావుకు వచ్చింది. ఆ బండి పెద్దమనిషి తరహాది. ఊరంతా ప్లాట్‌ఫారం మీదికి చేరిందని నమ్మకం కుదిరితే గాని రాదు.

యాదగిరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు సారు. లిబియా దేశం ట్రిపోలీలో ఇంగ్లీషు నేర్పే ప్రైవేటు బడి ఒకటుందని, దానికి టీచర్లు కావాలని పేపర్లో చూశాడు. ఆ బడి తాలూకు మేనేజరు పట్నంలో, మొఘల్‌పురాలో ఉంటాడని తెలిసి పరుగున పోయి, డిగ్రీ, బీయెడ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. ఆయన అడిగాడట, ఈయన ఇచ్చాడట. ఇక రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకుని, సోమవారం ఎప్పుడొస్తుందా అని తిరుగుతున్నాడు.

అప్పుడు మా ఆవిడ రంగంలోకి దిగింది. ఆ బడి నికరమైనదో కాదో చూసి రమ్మని, కాకపోతే తమ్ముడి కాగితాలు లేకుండా గడప తొక్కవద్దని నాకు ఆర్డరు వేసింది. పంచాయతీ సమితి ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా కాగితం మీద తవ్విన బావుల్ని తనిఖీ చేస్తున్నవాణ్ణి కాబట్టి, కంటికి కనబడని బడిని కూడా తనిఖీ చేయగలనని ఆమె నమ్మకం.

షాద్‌నగర్లో ఒక ముసలమ్మ సీతాఫలాల గంపతో ఎక్కి, ఎక్కడికని అడిగింది. యాదగిరి ఛాతీ విరిచి ట్రిపోలీకి అన్నాడు.

"గది ఫలక్‌నుమాకు ముందటొస్తదా, ఎనకొస్తదా బిడ్డా?" అంది ఆమె.

ఫలక్‌నుమాలో దిగి రిక్షా ఎక్కేసరికి పదైంది. మేనేజరు ఆఫీసు మొఘల్‌పురాలో ఒక స్టవ్ రిపేరు దుకాణం మీద గది. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, ఆ ఎత్తుకి ఇంకాస్త కలిపితే విమానం ఖర్చు లేకుండానే లిబియా చేరవచ్చు. గోడ మీద బడి ఫోటో. బడి ముందు ఫౌంటెన్, ఫౌంటెన్ ముందు తిమింగలమంత కారు. పిల్లలు మాత్రం లేరు. ఏరీ అని అడిగితే, ఫోటో తీసిన రోజు సెలవన్నాడు మేనేజరు సుదర్శన్. ఆయన ఉంగరాలు లెక్కపెట్టడానికి నా వేళ్ళు చాలలేదు.

"ఫికర్ చెయ్యకన్నా. పోయొచ్చిన సారే ఉన్నడు, ఆయన్నే అడుగుండ్రి," అని మూలన కూర్చున్న రత్నం సారును చూపించాడు.

రత్నం సారు మొదలుపెట్టాడు. జీతం ఒకటో తారీకున ఇస్తారు. ఇల్లు ఊరికే ఇస్తారు. పిల్లలు దేవతలు, హెడ్మాస్టరు దేవుడు, నల్లా నీళ్ళు పన్నీరు. ఎండ కూడా టీచర్లను చూసి కాస్త పక్కకు జరుగుతుందని నాకు అర్థమైంది. ఒక్క తప్పు చెప్పమని నేను బతిమాలాను. ఎంత వెతికినా ఆయనకు దొరకలేదు. యాదగిరి ముఖం మతాబాలా వెలిగింది.

మధ్యాహ్నం భోజనానికి రెండు గల్లీల అవతల హమీద్ సారింటికి పోయాం. మహబూబ్‌నగర్ కాలేజీలో యాదగిరికి సీనియరు, కువైట్లో ఇంకో ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాడు, సెలవులో వచ్చాడు. బగారన్నం వడ్డించిన దగ్గర్నుంచి ఖాళీ అయ్యేదాకా తిట్టాడు. హెడ్మాస్టరు గంటకు ముందే గంట కొట్టిస్తాడట. పిల్లలు రబ్బరు ముక్కలతో గురిచూసి కొడతారట. గదిలో ఉండే మలయాళీ సారు మజ్జిగలో కూడా కొబ్బరి వేస్తాడట.

"నా మాటిను యాదగిరీ, రాకు. అది మనిషుండే జాగా కాదు," అన్నాడు.

పరదా వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "శుక్రారం ఫ్లైటు. మామిడికాయ తొక్కు డబ్బలు గట్టిగ కట్టమని పొద్దుగాల నుంచి నా పానం తింటుండు. ఇది మూడోసారి పోవుడు."

మెల్లగా ఆయన సర్టిఫికెట్ల సంగతి అడిగాను. బడివాళ్ళు చూసుకుని, నకళ్ళు ఉంచుకుని అదేరోజు తిరిగి ఇచ్చారట. బీరువాలో ఉన్నాయి, తాళంచెవి మాత్రం దొరకదని ఆ బీరువాను కూడా తిట్టాడు.

బయటికి రాగానే యాదగిరి, ఈయన అదృష్టం బాగాలేదు, మన ట్రిపోలీ బడే నయమన్నాడు. నేను తిన్నగా పోయి మళ్ళీ సుదర్శన్ మెట్లెక్కాను.

"రత్నం సారూ, మళ్ల ఎప్పుడు పోతున్నరు?" అని అడిగాను.

పన్నీరు అక్కడితో ఆగిపోయింది. ఆయన మేనేజరును చూశాడు. మేనేజరు ఫోటోను చూశాడు. ఆరోగ్యం, వీసా, వచ్చే ఏడు అని ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పారు ఇద్దరూ. స్వర్గం నుంచి సెలవు మీద వచ్చి తిరిగి పోవడానికి తొందరపడని మనిషిని అప్పుడే చూశాను. యాదగిరి చేయి జేబులోని రాజీనామా మీదికి పోయి అక్కడే ఆగింది.

కాగితాలిచ్చెయ్ అంటే ఇచ్చే ముఖం కాదు సుదర్శన్‌ది. అందుకని మర్యాదగా మొదలుపెట్టాను. నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ సిరా సంతకం లేకపోతే రేపు ఎవడైనా తిప్పి పంపుతాడు కదా, మా బీడీఓ సాబు ఈరోజు మలక్‌పేట రేసుల్లోనే ఉన్నాడు, గుర్రం గెలిస్తే దేనిమీదైనా సంతకం పెడతాడు, అయితే ఒరిజినల్ చూడందే పెన్ను మూత తీయడు అన్నాను. మా బీడీఓకు గుర్రమంటే టాంగాకు కట్టేదని మాత్రమే తెలుసు. ఊళ్ళో ఇంకా నలుగురు సార్లు తయారుగా ఉన్నారని కూడా చేర్చాను. నలుగురనేసరికి సుదర్శన్ ఉంగరాల చేయి సొరుగులోకి పోయింది.

"సాయంత్రం కల్ల తెచ్చియ్యాలె," అన్నాడు.

"రేసులయిపోంగనే," అన్నాను.

దారి చూపించే నెపంతో రత్నం సారు మా వెంట దిగాడు. కింది మెట్టు మీద ఆగి, "నావి గూడ ఆ సొరుగులనే ఉన్నయన్నా," అన్నాడు.

దానికి వెటకారం నా దగ్గర లేకపోయింది. పచ్చ సిరా కథంతా మళ్ళీ ఒకసారి ఆయన చెవిలో వేశాను. ఆయనకు పనికొచ్చిందో లేదో ఈనాటికీ తెలియదు. మీలో ఎవరైనా ఇలాంటి బడి వెతుకుతూ పోతే, అక్కడి ఫౌంటెన్ సంగతి వదిలేసి, పోయొచ్చినవాణ్ణి మళ్ళీ ఎప్పుడు పోతున్నావని అడగండి.

మలక్‌పేట స్టేషన్లో సాయంత్రం బండి దొరికింది. సర్టిఫికెట్లు బనియన్ లోపల పెట్టుకుని యాదగిరి ఉందానగర్ దాకా వాటిని తడుముకుంటూ కూర్చున్నాడు. తర్వాత నోరు విప్పి తన హైస్కూలు మీద పడ్డాడు. హెడ్మాస్టరు పిసినారి, చాక్‌పీసును కూడా సగం విరిచి ఇస్తాడు. తొమ్మిదో తరగతి కప్పు కురుస్తుంది. లెక్కల సారు తన పీరియడ్ అయిపోయినా బయటికి రాడు. సోమవారం మొదటి గంటకే పోకపోతే ఆ కోతులు బెంచీలు విరగ్గొడతాయి. షాద్‌నగర్ పోయింది, బాలానగర్ పోయింది, తిట్లు తరగలేదు. మధ్యాహ్నం హమీద్ సారు దగ్గర విన్న రాగమే, బడి మాత్రం వేరు.

పల్లికాయలు ఒలుస్తున్న నేను, పొట్టు వేయడానికి ఒక కాగితం ఇవ్వమన్నాను. అతను జేబులోంచి రాజీనామా తీసి నా ఒళ్ళో పరిచాడు.

"కింద పడనియ్యకు బావా," అని, మళ్ళీ హెడ్మాస్టరును అందుకున్నాడు.