ఎడమ బ్యాటరీ

మా బావ పోయాక ఆయన పొక్లెయిన్‌లో ఎప్పుడూ ఎడమ బ్యాటరీయే చచ్చిపోయేది.

నాది గురజాలలో ఆటో ఎలక్ట్రికల్ షాపు. నాపరాయి క్వారీల్లో తిరిగే బండ్లు డైనమో దగ్గరో సెల్ఫ్ దగ్గరో మొరాయిస్తే నా దగ్గరికే వస్తాయి. అందుకే దయ్యం అనే మాట నాకు గిట్టదు. కరెంటు పోతోందంటే ఎటో ఒక దారిన పోతోందనే. అయినా ఆ బండి దగ్గరికి వెళ్లాలంటే ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేవాణ్ణి. బావ ఆ సీట్లోనే, లివర్ మీద చెయ్యి ఉండగానే గుండె ఆగి పోయాడు. ఎవరో వచ్చి ఆపేదాకా ఇంజన్ నడుస్తూనే ఉందట.

అక్క బండి అమ్మనంది. ఆయన చేతి బండి ఇంకొకరికి ఎట్లా ఇస్తానని డ్రైవర్ని పెట్టుకుంది. ఇల్లు గడవాల్సింది దాని మీదే. ఆ డ్రైవరేమో తెల్లారితే చాలు, "అన్నా, మళ్లీ స్టార్ట్ కావట్లా" అని ఫోన్. బండికి రెండు బ్యాటరీలు జంటగా ఉంటాయి. కుడిది ఛార్జింగ్ ఎక్కువై నీళ్లు తెగ తాగేది. తలుపు వైపున్న ఎడమది ఖాళీ. కొత్తది వేశాను, నెల తిరిగేసరికి మళ్లీ అంతే. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపించాను, అయినా అంతే. డైనమో విప్పి చూశాను, బెల్టు బిగించాను, ఛార్జింగ్ కొలిచాను. అన్నీ బాగానే ఉన్నాయి. దయ్యానికి ఎడమదే రుచించిందా అని పైకి నవ్వాను గానీ, లోపల నాకూ జంకు పట్టుకుంది.

చివరికి ఒక మధ్యాహ్నం డ్రైవర్ మా ఇద్దర్నీ క్వారీకి పిలిపించాడు. తాళంచెవి అక్క చేతిలో పెట్టబోయాడు.

"ఏమనుకోమాక వదినా. అన్న ఇంకా ఈ బండి దిగలేదు. వెనకమాల కూర్చున్నట్టే ఉంటది నాకు. చానా భయంగా ఉంది."

ఇతను పోతే ఈ కబురు క్వారీలన్నిటికీ పాకుతుంది. ఇంకెవరూ ఆ బండి ఎక్కరు. అమ్మక తప్పదు. అక్క తాళంచెవి తీసుకోలేదు, నా వంక చూసింది. "ఏందిరా, నీక్కూడా దొరకలేదా?"

నాకు కోపం వచ్చింది, బావ మీదో బండి మీదో తెలియదు. ఎడమ బ్యాటరీ కేబుల్‌కున్న టేపంతా ఒలిచేశాను. మందపాటి తొడుగు లోపల, కేబుల్ పక్కనే, రెండు సన్నటి వైర్లు దాగి ఉన్నాయి. ఏ స్విచ్‌తోనూ సంబంధం లేకుండా నేరుగా ఆ ఒక్క బ్యాటరీకే కలిపి ఉన్నాయి. వాటి వెంట పోతే సీటు వెనక మూలకు చేరాను. అక్కడ గోడకు తిప్పి ఉన్న దేవుడి పటం. బావ పోయిన రోజు మైలని, ఆ గోలలో ఎవరో అటు తిప్పారు. ఏడాది తిరిగేదాకా దాని జోలికి పోకూడదని అందరం అలాగే వదిలేశాం.

చెయ్యి వేశాను. పటం వెచ్చగా తగిలింది.

మెల్లగా ఇటు తిప్పాను. చట్రంలో చిన్న ఇండికేటర్ బల్బు వెలుగుతోంది. అది తాళంతో వెలిగి ఆరేదనే నేననుకున్నాను. దేవుడి దగ్గర దీపం కొండెక్కకూడదని బావ పట్టుదల. అది ఒక్క బ్యాటరీనే తాగుతుందనీ ఆయనకు తెలుసు. అందుకే నెలనెలా రెంటినీ అటూ ఇటూ మార్చేవాడు. అదేం పిచ్చి బావా అని ఆటపట్టించేవాణ్ణి. ఆయన పోయాక మార్చేవాళ్లు లేరు.

అక్క కేబిన్ ఎక్కింది. మైల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఇది ఆయన వెలిగించిందేనా?"

"అవునక్కా."

"అప్పట్నించీ వెలుగుతానే ఉందా?"

"వెలుగుతానే ఉంది."

ఆ వెలుగు మీద అరచెయ్యి పెట్టింది. దీపాన్ని తాళంచెవికి కలుపుతానని, రెండు బ్యాటరీల మీదా సమంగా పడేట్టు చేస్తానని, కాకపోతే బండి ఆపితే దీపమూ ఆరుతుందని చెప్పాను. కానివ్వమంది. డ్రైవర్ కూడా వైర్లన్నీ కళ్లారా చూసి, తాళంచెవి జేబులో వేసుకుని పనిలోకి దిగాడు. అక్క ఇంటికి పోకుండా రాళ్ల మీదే కూర్చుంది.

పొద్దు వాలాక అతను ఇంజన్ ఆపాడు. పటంలో వెలుగు దాంతో పాటే పోయింది. వేరే చిన్న బ్యాటరీ పెట్టి మళ్లీ వెలిగించనా అని అడిగాను.

అక్క చీకటి కేబిన్ వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆయనా పొద్దుగూకితే పని ఆపేవాడుగా," అంది. "దిగనీరా."