చెయ్యీ, మనసూ

లా కాలేజీలో నేరాల గురించి పాఠం చెప్పే మాస్టారు ఇరవై ఏళ్లుగా ఒకే తీరులో కోర్సు మొదలుపెడతారు. ప్యాంటు బొడ్డు పైదాకా లాక్కుని, సుద్దముక్కతో చెవి గోక్కుని, కుడిచెయ్యి పైకెత్తి "ఇది చేసిన పని" అంటారు. ఎడమచెయ్యి గుండె మీద వేసుకుని "ఇది దురుద్దేశం. రెండూ కలిస్తేనే నేరం. రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే!" అంటారు. ఆ మాట దగ్గర ఆయన కళ్లు చెమరుస్తాయి. పాఠంలోని దొంగ మీద ఆయనకున్నంత జాలి ఆ దొంగను కన్నతల్లికైనా ఉండదు. వరండా ఊడ్చే ఆయమ్మకు కూడా ఆ పాఠం కంఠతా వచ్చేసింది.

నిన్న స్టాఫ్ రూములో మాస్టారి కొత్త గొడుగు కనపడలేదు. సాక్షి లేడు, రుజువు లేదు. "ఇంకెవరు తీస్తారు? పొద్దస్తమానం ఈ గదిలో తిరిగేది నువ్వేగా!" అంటూ ఆయమ్మ సంచిని పదిమంది ముందూ బల్ల మీద బోర్లించారు. దువ్వెన, మందుబిళ్లలు, సగం తిన్న బ్రెడ్డు బయటపడ్డాయి. తీరా ఇంటికెళ్తే గొడుగు తలుపు వెనకాలే వేలాడుతోంది. ఈరోజు క్లాసులో అదీ ఒక ఉదాహరణ అయిపోయింది. "మతిమరుపు నేరం కాదర్రా!" అని కుడిచెయ్యి ఎత్తి ఆయనే ముందు నవ్వారు. పిల్లలూ నవ్వారు. గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది. "గొడుగు సంగతి మతిమరుపే, ఒప్పుకున్నానండీ" అంది ఆయమ్మ. "నా సంచి బోర్లించిన చెయ్యి మాత్రం మీదే కదా. అప్పుడు మనసు ఎక్కడ పెట్టారండీ?" ఎత్తిన కుడిచెయ్యి అలాగే ఉండిపోయింది. ఎడమచెయ్యి గుండె దాకా వెళ్లి, అక్కడున్న చొక్కా జేబులో సుద్దముక్క కోసం వెతుక్కోసాగింది.